నాగోల్–శంషాబాద్ మెట్రో: కాలనీ తరఫున అర్జీ రాస్తున్నాం, ఏమేం అడగమంటారు?

రామంతాపూర్_వాసి రాసింది:

అందరికీ నమస్తే. మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్ళు ఎయిర్‌పోర్ట్ మెట్రో మీద ఎమ్మెల్యేకి ఒకటి, మెట్రో ఆఫీసుకి ఒకటి అర్జీ ఇద్దామని తీర్మానం చేశారు. రాసే పని నా నెత్తిన పడ్డది. మొన్న ఆదివారం మీటింగ్‌లో ఒకాయన స్టేషన్‌కి మా కాలనీ పేరు పెట్టాలన్నాడు, ఇంకొకాయన పార్కింగ్ కావాలన్నాడు, మూడో ఆయన "విమానం ఎక్కేటోళ్ళు మెట్రో ఎక్కుతరా, అంతా దండగ" అని లేచి వెళ్ళిపోయాడు. అర్జీలో ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు తెలిసింది ఇది. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకి శంకుస్థాపన అయింది, ఖర్చు రూ.6,250 కోట్లన్నారు. ఏడాది తిరగంగానే ప్రభుత్వం మారింది, ఆ లైను ఆగింది. తర్వాత 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండో దశకి ఒప్పుకుంది. మొత్తం 76.4 కిలోమీటర్లు, రూ.24,269 కోట్లు, కేంద్రంతో సగం సగం భాగస్వామ్యం. అందులో మనకు పనికొచ్చేది నాగోల్ నుంచి ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్, చంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, కొత్త హైకోర్టు మీదుగా ఎయిర్‌పోర్ట్ దాకా 36.8 కిలోమీటర్లు. దానితో పాటు పాతబస్తీలో ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చంద్రాయణగుట్టకి 7.5 కిలోమీటర్లు.

నా సొంత గోల కూడా చెప్తాను. మాది జగిత్యాల పక్క. మా చుట్టాల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. పోయేటోళ్ళు సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్ (జేబీఎస్)లో బస్సు దిగి నాకు ఫోన్ కొడతారు. నీలం నైలాన్ తాడుతో అడ్డం పొడుగు కట్టిన అట్టపెట్టె, నాలుగు పక్కలా స్కెచ్ పెన్నుతో పేరు, ఊరు, దుబాయ్ ఫోన్ నంబరు. లోపల సకినాలు, మామిడికాయ తొక్కు. ఆ పెట్టెతో మెట్రోలో పోవచ్చా, పోనిస్తారా? అర్జీలో రాయాల్సింది ఇదేనేమో అని నాకు అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కోకాపేట_టవర్ రాసింది:

అన్నా, ముందుగా ఒక్క మాట. అసలు తప్పు జరిగిందే రాయదుర్గం లైను ఆపినప్పుడు. బయోడైవర్సిటీ, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, నార్సింగి మీదుగా పోయేది. విమానాలు ఎక్కువ ఎక్కేది ఇక్కడి ఐటీ జనం. ఇప్పుడు నేను మెట్రోలో ఎయిర్‌పోర్ట్‌కి పోవాలంటే రాయదుర్గంలో ఎక్కి, నాగోల్ దాకా ఊరంతా చుట్టి, మళ్ళీ దిగి ఎక్కి, శంషాబాద్ పోవాలి. ఎవడు పోతాడు? ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అరగంట.

మీ అర్జీలో "రాయదుర్గం లైను కూడా వేయాలి" అని ఒక వాక్యం కలపండి, పుణ్యం ఉంటుంది.

---

పాత_కంట్రోలర్ రాసింది:

కోకాపేట తమ్మీ, నీ జవాబు నువ్వే ఇచ్చుకున్నవ్. ఔటర్ ఎక్కితే అరగంట అన్నవ్ చూడు, అందుకే నీకు మెట్రో వేసినా రోజూ ఎక్కవు. మూడు నెలలకోసారి బెంగళూరు పోయేటప్పుడు, అది కూడా కంపెనీ క్యాబ్ ఇయ్యకపోతే ఎక్కుతవ్.

నేను ఆర్టీసీలో బస్సుల టైం టేబుల్ వేసే పని చేసి రిటైరయిన. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో తెరిచిన నాటి నుంచి ఆ రూట్లు చూసినోణ్ణి. కనక రామంతాపూర్ తమ్ముడికి కాస్త పొడుగ్గానే చెప్తా, ఓపిక పట్టాలె.

రాయదుర్గం లైను, నాగోల్ లైను ఒకే జాతివి కావు. మొదటిది 31 కిలోమీటర్లకి తొమ్మిది స్టేషన్లు. రెండోది 36.8 కిలోమీటర్లకి 24 స్టేషన్లు. మొదటిది విమానం ఎక్కేటోడి కోసం గీసిన గీత. రెండోది ఊళ్ళో తిరిగే సిటీ లైను, చివరి స్టేషన్ ఎయిర్‌పోర్ట్ అయింది, అంతే. నాగోల్‌లో ఎక్కితే గంట పైనే పడుతది. "ఎయిర్‌పోర్ట్ మెట్రో" అన్న పేరు చూసి అరగంటలో దించుతదనుకుంటే నిరాశే.

మరి ఏది మంచిది? ఢిల్లీ సంగతి చూడు. అక్కడ 2011 ఫిబ్రవరిలో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ తెరిచిన్రు. 22.7 కిలోమీటర్లు, ఆరే స్టేషన్లు, న్యూఢిల్లీ స్టేషన్‌లోనే విమానం సామాను అప్పజెప్పే ఏర్పాటు. చూడ్డానికి ముచ్చటేసేది. టికెట్ పిరం, జనం తక్కువ. 2012 జులైలో వయాడక్ట్ (పట్టాలు మోసే వంతెన) బేరింగులు పాడై ఆర్నెల్లు మూతబడ్డది. 2013లో నడిపే ప్రైవేటు కంపెనీ చేతులెత్తేసింది, ఢిల్లీ మెట్రో సంస్థే తీసుకుని టికెట్లు తగ్గిస్తే అప్పుడు జనం పెరిగిన్రు. విమానం ఎక్కేటోడు ఒక్కడే రైలు నింపలేడని దాంతో తేలిపోయింది.

రైలు నింపేది ఎవరయ్యా అంటే అక్కడ పని చేసేటోళ్ళు. లోడర్లు, ఊడ్చేటోళ్ళు, సెక్యూరిటీ, క్యాంటీన్, కార్గో, విమానాలు బాగుచేసే షెడ్డు. వాళ్ళు మూడు నెలలకోసారి కాదు, రోజూ పోయి రోజూ వస్తరు. వాళ్ళ ఇండ్లు ఎక్కువ మటుకు పాతబస్తీ, సంతోష్‌నగర్, రాజేంద్రనగర్, శంషాబాద్ చుట్టుపట్లే. లైను ఇప్పుడు అటు నుంచే పోతున్నది. కాబట్టి రూట్ మీద కొట్లాడి కాగితం ఖరాబు చేయకండి. అది అయిపోయిన ముచ్చట.

అడగాల్సింది వేరే ఉంది.

మీ జగిత్యాల పెట్టె తీసుకో. జేబీఎస్‌లో బస్సు దిగినోడు ఎక్కాల్సింది గ్రీన్ లైను. 2020 ఫిబ్రవరిలో తెరిచిన్రు, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ 11 కిలోమీటర్లు. దాన్నే ఇప్పుడు చంద్రాయణగుట్ట దాకా పొడిగిస్తమంటున్నరు. నాగోల్ నుంచి వచ్చే ఎయిర్‌పోర్ట్ లైను కూడా చంద్రాయణగుట్ట మీదుగానే పోతది. రెండూ కలిసే చోట ఇంటర్‌చేంజ్ స్టేషన్ అన్నరు. ఇంటర్‌చేంజ్ అంటే ఏంది? దిగుడు, మెట్లెక్కుడు, ఇంకో ప్లాట్‌ఫారం మీద నిలబడుడు. ముప్పై కిలోల పెట్టె, చేతిలో సంచి, ఎనకాల పిల్లలు. ఆడికొచ్చినంక "ఛల్, ఆటో మాట్లాడు" అనరా?

రెండు లైన్లవీ పట్టాలు ఒకే వెడల్పు, కరెంటు ఒకటే, పై తీగ ఒకటే. మరి చంద్రాయణగుట్టలో ఒక లైను నుంచి ఇంకో లైనుకి పట్టా కలిపితే జేబీఎస్‌లో ఎక్కినోడు ఎయిర్‌పోర్ట్‌లోనే దిగుతడు. ప్రతి రైలూ అక్కర్లేదు, మూడిట్లో ఒకటి నేరుగా పోతే చాలు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పక్క నుంచి జేబీఎస్‌కి వచ్చేటోళ్ళు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఆంధ్రా పక్క నుంచి ఎంజీబీఎస్‌కి వచ్చేటోళ్ళు, అందరికీ అదే రైలు. రెండు పెద్ద బస్టాండ్లూ ఒకే లైను మీద ఉన్నయి కదా, ఇంతకన్నా అదృష్టం ఏ ఊరికుంది? కానీ ఇది గీత గీసేటప్పుడే అడగాలె. పిల్లర్లు లేచినంక అడిగితే "సాంకేతికంగా సాధ్యం కాదు" అని రెండు వాక్యాల జవాబొస్తది. ఆ జవాబులు నేను చానా టైపు చేయించిన కాబట్టి తెలుసు.

ఇగ రెండోది వేళలు. మన మెట్రో పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ముగుస్తది. గల్ఫ్ విమానాలు ఎక్కువ మటుకు అర్ధరాత్రి నుంచి తెల్లారే లోపు లేస్తయి. దేశంలో తిరిగేటివి అయిదింటి నుంచే వరస కడతయి. ఆరింటి విమానానికి నాలుగింటికల్లా అక్కడుండాలె. అప్పటికి మెట్రో గేటుకి తాళం! రాత్రంతా నడపమని అడిగితే నడపరు, నడపలేరు కూడా. పట్టాలు చూసుకోవాలె, పై తీగల కరెంటు తీసి పని చేయాలె, దానికి రాత్రి నాలుగైదు గంటలు కావాలె. లండన్ అంతటోళ్ళే శుక్ర, శనివారాల రాత్రుళ్ళు కొన్ని లైన్లలో మాత్రం నడుపుతరు.

కాబట్టి "మెట్రో వచ్చినంక కూడా ఎయిర్‌పోర్ట్‌కి పోయే ఆర్టీసీ పుష్పక్ బస్సులు తీసేయొద్దు, రాత్రి పూట పెంచాలె" అని రాయండి. నాకున్న భయం అదొక్కటే. మెట్రో రాంగానే బస్సు దండగ అని కాగితం కదులుతది, నష్టాలు చూపించి ముందుగాల రాత్రి ట్రిప్పులే పీకేస్తరు. ఖాళీగా పోయే బస్సు కాగితం మీద దండగే మరి. రాత్రి రెండున్నరకి పోయే ఆ బస్సులో ఎక్కే పదకొండు మందికి అది లేకపోతే క్యాబ్‌వాడు ఎంత అడుగుతడో ఆ కాగితంలో ఉండదు.

---

కోకాపేట_టవర్ రాసింది:

కంట్రోలర్ అంకుల్, ఒప్పుకుంటున్నా గానీ ఒక డౌటు. శంషాబాద్ పక్కన ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వేశారు కదా, దాన్నే లోపలికి లాగితే వేల కోట్లు మిగిలేవి కదా?

---

పాత_కంట్రోలర్ రాసింది:

లాగితే మిగిలేవే. లాగలేదు. ఉందానగర్‌లో దిగితే టెర్మినల్ ఇంకా అయిదారు కిలోమీటర్లు ఉంటది. బెంగళూరులోనూ అంతే, 2021 జనవరిలో దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ పక్కన రైల్వే హాల్ట్ తెరిచిన్రు, అక్కడ దిగినంక మళ్ళీ షటిల్ బస్సు. రోజుకి కొన్నిసార్లే వచ్చే రైలు, దాని మీద ఒక షటిల్. విమానం తప్పిపోయే భయం ఉన్నోడు ఇన్ని చేతులు మారడు. మద్రాసు నయం. 2016 సెప్టెంబరులో మెట్రో ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చింది, స్టేషన్ నుంచి టెర్మినల్‌కి పైనుంచే దారి, నడిచే పట్టీ కూడా ఉంది. సామాను తోసుకుంట పోవచ్చు.

---

నైట్‌షిఫ్ట్_సంతోష్‌నగర్ రాసింది:

కంట్రోలర్ బాబాయ్ మా గురించి రాశారు కాబట్టి నేనూ రెండు మాటలు.

ఎయిర్‌పోర్ట్‌లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ పని నాది, చెకిన్ కౌంటర్. పొద్దున షిఫ్ట్ అంటే అయిదింటికి కౌంటర్ మీద ఉండాలి. యూనిఫాం, జడ ముడి, లిప్‌స్టిక్ అన్నీ ఇంట్లోనే, మూడుంపావుకి గల్లీ చివర కంపెనీ క్యాబ్. మాతో పాటు ఇంకో నలుగురు, చంద్రాయణగుట్ట నుంచి ఒకమ్మాయి ఎక్కేదాకా అందరం నిద్రలోనే. ఆ క్యాబ్‌కి జీతంలో కోత ఉంది, ఎంతో చెప్తే నవ్వుతారు. షిఫ్ట్ రెండింటికి అయిపోతుంది. వచ్చేటప్పుడు క్యాబ్ నిండాలి కాబట్టి మూడు దాకా కూర్చోవాలి. మెట్రో మాకు ఉపయోగపడేది ఆ తిరుగు ప్రయాణానికే, మధ్యాహ్నం షిఫ్ట్‌కి పోవడానికీ. పొద్దున షిఫ్ట్‌కి మాత్రం ఎన్ని మెట్రోలు వచ్చినా క్యాబే. అందుకని మా కంపెనీలాంటివి "మెట్రో ఉంది కదా" అని క్యాబ్ ఎత్తేయకుండా ఉండాలి, ఇది అర్జీలో రాసేది కాదనుకోండి, చెప్తున్నా అంతే.

రాసేవి ఏమిటంటే, ఎయిర్‌పోర్ట్ అంటే టెర్మినల్ ఒక్కటే అనుకోవద్దు. దాదాపు 5,500 ఎకరాలది. కార్గోలో పనిచేసే అబ్బాయిలు, విమానాల రిపేరు షెడ్డు వాళ్ళు, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో ఫ్యాక్టరీల వాళ్ళు, వీళ్ళందరినీ టెర్మినల్ దగ్గర దించితే అక్కణ్ణుంచి ఎండలో నడిచే దూరం కాదు. పాత రాయదుర్గం ప్లానులో కార్గో స్టేషన్ విడిగా ఉండేది. ఇందులో కూడా ఉండాలని అడగండి. లేదంటే స్టేషన్ దగ్గర నుంచి లోపల తిరిగే బస్సు, షిఫ్ట్ మారే టైముకి.

ఇంకోటి నెల పాసు. బస్సుకి ఒకటి, మెట్రోకి ఒకటి అంటే మా జీతాలకి కుదరదు. పోయేటప్పుడు పుష్పక్, వచ్చేటప్పుడు మెట్రో, ఒకే పాసు. ఇది లేకపోతే మాలో సగం మంది బండి మీదే వస్తారు, ఆరాంఘర్ దాటాక లారీల మధ్య.

---

ఇర్వింగ్_తెనాలి రాసింది:

దూరం నుంచి మాట్లాడుతున్నానని అనుకోకపోతే ఒకటి చెప్తానండి. మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. డాలస్–ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్‌కి 2014 నుంచి మా ఊరి మీదుగానే రైలుంది. ఆరెంజ్ లైను, నేరుగా టెర్మినల్ ఏ దగ్గర దింపుతుంది. 2019లో ఫోర్ట్‌వర్త్ వైపు నుంచి ఇంకో రైలు వచ్చింది, అది టెర్మినల్ బి. మనవాళ్ళ అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి దిగేదేమో టెర్మినల్ డి! సెక్యూరిటీ లోపల తిరిగే చిన్న రైలు ఉంది కానీ, కస్టమ్స్ దాటి బయటికొచ్చాక అది ఎక్కనివ్వరు. బయట షటిల్ బస్సు కోసం నిలబడాలి. నాలుగు సూట్‌కేసులు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు. ఎవరైనా ఏం చేస్తారండీ, కారే తీసుకెళ్తాం. ఫ్రిస్కోలో ఉండే మనవాళ్ళకైతే ఆ రైలు సంస్థలో వాళ్ళ ఊరే సభ్యురాలు కాదు, అక్కడికి రైలే రాదు, కాబట్టి వాళ్ళకి ఆ గొడవే లేదు.

ఎందుకు చెప్తున్నానంటే శంషాబాద్‌లో దేశీయం, అంతర్జాతీయం రెండూ ఒకే భవనంలో ఉన్నాయి. స్టేషన్ దాని కిందకో పక్కకో వస్తే ఒక్క లిఫ్ట్‌లో తేలిపోతుంది. రేపు ఇంకో టెర్మినల్ కట్టినప్పుడు దాన్ని స్టేషన్‌కి ఎటు కడతారో ఇప్పుడే తెలిసి ఉండాలి. ఢిల్లీలో చూడండి, టెర్మినల్ 3కి ఎక్స్‌ప్రెస్ లైను, టెర్మినల్ 1కి మెజెంటా లైను. తెలియనివాడు తప్పు లైను ఎక్కితే ఆ రోజుకి విమానం లేనట్టే.

---

రామంతాపూర్_వాసి రాసింది:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని చిత్తుప్రతి రాశాను. స్టేషన్ పేరు, పార్కింగ్ తీసేశాను. ఆ ఇద్దరూ అలుగుతారు, తర్వాత చూసుకుందాం. ఇలా ఉంది:

"జేబీఎస్, ఎంజీబీఎస్ బస్టాండ్ల నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మధ్యలో దిగకుండా కొన్ని రైళ్ళు నడిచేలా చంద్రాయణగుట్టలో రెండు లైన్ల పట్టాలు కలపాలని, మెట్రో నడవని వేళల్లో పుష్పక్ బస్సులు కొనసాగించి పెంచాలని, రెండింటికీ ఒకే నెల పాసు ఉండాలని, కార్గో, సెజ్ ఉద్యోగులకు స్టేషన్ లేదా షిఫ్ట్ వేళల బస్సు ఏర్పాటు చేయాలని, గల్ఫ్ ప్రయాణికుల సామానును అనుమతించాలని కోరుతున్నాము."

సామాను ముక్క సరిగ్గా ఎలా రాయాలో తెలియలేదు. ఊరికే అనుమతించాలి అంటే ఎంతైనా అన్నట్టుంది.

---

పాత_కంట్రోలర్ రాసింది:

బాగుంది. సామాను దగ్గర అంకె వెయ్యి. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైనులో మనిషికి 32 కిలోల దాకా ఒప్పుకుంటరు, మామూలు లైన్లలో అంతకన్నా తక్కువ. "ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైనులో ఉన్నట్టే 32 కిలోలు, జేబీఎస్‌లో ఎక్కినా సరే" అని రాయి. ఆ చివరి ముక్క మర్చిపోవద్దు. లేకుంటే ఎయిర్‌పోర్ట్ లైనులో పోనిస్తరు, గ్రీన్ లైను గేటు దగ్గర ఆపుతరు. ఇంకా రైలుకి ఒక డబ్బాలో సగం సీట్లు తీసి సామాను అరలు పెట్టమని కూడా రాయి. మనయి మూడు డబ్బాల రైళ్ళు, గోడల పొంటే సీట్లు, నడుమ నిలబడే జాగ. నాలుగు పెట్టెలు పెడితే తలుపు మూసుకోదు.

అర్జీ ఒక్క ఎమ్మెల్యేకే ఇస్తే ఆడనే ఉంటది. సర్కారు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇచ్చి నంబరు తీసుకో. మెట్రో వాళ్ళకి, ఆర్టీసీ వాళ్ళకి విడివిడిగా కాపీలు పెట్టు, బస్సుల ముచ్చట మెట్రోకి రాస్తే మాది కాదంటరు.

---

నైట్‌షిఫ్ట్_సంతోష్‌నగర్ రాసింది:

అన్నా, అర్జీ రెడీ అయ్యాక ఇక్కడ పెట్టండి. మా షిఫ్ట్ గ్రూపులో సంతకాలు తీసుకుంటాను. కార్గో వాళ్ళ గ్రూపు వేరే ఉంది, వాళ్ళకీ పంపిస్తా. శుక్రవారం లోపల అయితే మేలు, శనివారం నుంచి రోస్టర్ మారుతుంది, సగం మంది నైట్‌కి పోతారు.